అణు చట్టం తెచ్చిన మెక్‌మాన్ సమాధి చూడాలని ఉంది, నార్వాక్ దిక్కు ఉన్నవాళ్లు కాస్త చెప్పండి

హన్మకొండ సివిక్స్ సార్

అందరికీ నమస్కారం. నేను హన్మకొండలో ఉంటాను. జూనియర్ కాలేజీలో 30 ఏళ్లు సివిక్స్ చెప్పి రిటైరయ్యాను. మా బిడ్డ, అల్లుడు అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రం స్టామ్‌ఫర్డ్‌లో ఉంటారు. ఈ సెప్టెంబరులో నేనూ మా ఆవిడా అక్కడికి వెళ్తున్నాం, రెండు నెలలుంటాం. నయాగరా, వాషింగ్టన్, న్యూయార్క్ అని బిడ్డ ఇప్పటికే లిస్టు రాసి పెట్టింది. నేను అడిగింది ఒక్కటే, పక్కనే నార్వాక్ అని ఒక ఊరుంది కదా, అక్కడ సెయింట్ మేరీస్ శ్మశానంలో ఒకాయన సమాధి ఉంది, అది చూపించమని. "అమెరికా వచ్చి సమాధి చూడటమేంది బాపూ" అంది. ఆయన పేరు బ్రయన్ మెక్‌మాన్, సెనేటర్, 1952లో పోయాడు అని చెబితే అల్లుడు కూడా ఎప్పుడూ వినలేదన్నాడు.

ఎందుకో చెబుతాను, కొంచెం పొడుగే అవుతుంది. 2008 జులైలో అమెరికాతో అణు ఒప్పందం గొడవ గుర్తుందా, లెఫ్ట్ పార్టీలు మద్దతు తీసేశాయి, 22న లోక్‌సభలో విశ్వాస పరీక్ష, టీవీలో పొద్దంతా "123 ఒప్పందం, 123 ఒప్పందం" అని ఒకటే మాట. క్లాసులో పరకాల నుంచి బస్సులో వచ్చే ఒక పిల్లవాడు లేచి "సార్, 123 అంటే ఏంది సార్, నంబర్ ఎందుకు పెట్టిండ్రు" అని అడిగాడు. నాకు తెలియదు. రేపు చెప్తా కూర్చో అన్నాను. ఆ సాయంత్రం వెతికితే తెలిసింది, అది అమెరికా అణుశక్తి చట్టంలో 123వ సెక్షన్, వేరే దేశంతో అణు సహకారం పెట్టుకోవాలంటే ఆ సెక్షన్ ప్రకారమే ఒప్పందం రాసుకోవాలి. 1954 నాటి చట్టం అది. దానికి ముందు ఏముంది అని చూస్తే 1946 చట్టం, దాన్నే మెక్‌మాన్ చట్టం అంటారు. 54లో చేసింది దానికి మార్పే.

అంటే ఆ పిల్లవాడి ప్రశ్న వెనక్కి పోయి పోయి ఈయన దగ్గర ఆగింది. అప్పటి నుంచి ఈయన గురించి దొరికిందల్లా చదువుతున్నాను. 1903లో నార్వాక్‌లోనే పుట్టాడు, యేల్‌లో లా చదివాడు. 1945 జనవరిలో మొదటిసారి సెనేట్‌లో అడుగు పెట్టాడు. ఎనిమిది నెలలు తిరగకముందే హిరోషిమా. ఆ బాంబును చేసింది సైన్యం చేతి కింద ఉన్న ప్రాజెక్టు. యుద్ధం అయిపోయాక ఆ ఫ్యాక్టరీలు, ఆ యురేనియం, ఆ రహస్యాలు ఎవరి చేతుల్లో ఉండాలి? అక్టోబరులో మే-జాన్సన్ బిల్లు అని ఒకటి వచ్చింది, సైన్యం మాట చెల్లే పద్ధతిలో. లియో సిలార్డ్ లాంటి సైంటిస్టులు, అంటే బాంబు పనిలో ఉన్నవాళ్లే, వద్దని ఎదురుతిరిగారు. అప్పుడు ఈ కొత్త సెనేటర్ డిసెంబరు 20న వేరే బిల్లు పెట్టాడు. అధ్యక్షుడు నియమించి, సెనేట్ ఒప్పుకున్న ఐదుగురు సివిలియన్ల కమిషన్ చేతిలో అణుశక్తి అంతా ఉండాలని. 1946 ఆగస్టు 1న అధ్యక్షుడు ట్రూమన్ సంతకం పెట్టాడు, 1947 జనవరి 1 నుంచి కమిషన్ చేతికి వచ్చింది.

సైన్యం మీద పౌర ప్రభుత్వం పైచేయి అనేది నేను ఎన్ని బ్యాచ్‌లకు చెప్పానో లెక్కలేదు. చెప్పేటప్పుడు ఉదాహరణ అడిగితే మాత్రం ఎప్పుడూ పుస్తకంలో ఉన్నదే చెప్పేవాణ్ని. దీనికంటే పెద్ద ఉదాహరణ నాకు ఇంతవరకు కనపడలేదు. అందుకే వెళ్లాలని.

నా ప్రశ్నలు ఇవి. స్టామ్‌ఫర్డ్ నుంచి ఎలా పోవాలి, బిడ్డకు సెలవు లేకపోతే మేమిద్దరమే రైల్లో పోగలమా? లోపలికి ఎవరినైనా రానిస్తారా, పర్మిషన్ కావాలా? అంత పెద్ద శ్మశానంలో ఒక్క సమాధి ఎలా వెతుక్కోవాలి? అక్కడ ఏం చేయాలి, పూలు పెట్టొచ్చా, అగరొత్తి వెలిగించొచ్చా? వాళ్లది క్యాథలిక్ ఆచారం, మనం తెలియక తప్పు చేస్తే బాగుండదు.

నార్వాక్‌లో మనోడు

సార్ నమస్తే. మాది జనగామ, నేను నార్వాక్‌లోనే ఆరేళ్లుగా ఉంటున్నా. మీ పోస్టు చూసి ఆశ్చర్యపోయాను, ఎందుకంటే మా ఇంటి దగ్గర పిల్లలు పోయే హైస్కూలు పేరే బ్రయన్ మెక్‌మాన్ హైస్కూలు. రోజూ ఆ బోర్డు ముందు నుంచే కారు నడుపుతా. ఆయనెవరో ఇప్పుడు మీ దగ్గర తెలుసుకుంటున్నా.

రైలు సంగతి చాలా ఈజీ సార్, టెన్షన్ పడకండి. స్టామ్‌ఫర్డ్ స్టేషన్‌లో న్యూ హేవన్ వైపు పోయే మెట్రో నార్త్ ఎక్కండి, సౌత్ నార్వాక్‌లో దిగండి, పావు గంట ప్రయాణం. రిజర్వేషన్ ఏమీ ఉండదు, మన పుష్‌పుల్‌కు టికెట్ తీసుకున్నట్టే. స్టేషన్ నుంచి మాత్రం నడవలేరు, ఉబర్ బుక్ చేయించుకోండి. ఉబర్‌లో పెట్టేటప్పుడు ఊరి పేరు నార్వాక్ అని ఒకటికి రెండుసార్లు చూసుకోండి. సెయింట్ మేరీస్ పేరుతో ఈ దేశంలో శ్మశానాలు లెక్కలేనన్ని. ఒక ఫ్రెండ్ వాళ్ల ఆఫీసతను పోయినప్పుడు మేము అట్లాగే పేరు చూసుకుని వేరే ఊరికి పోయి, మట్టి అయిపోయాక చేరాం. ఇప్పటికీ మనసులో ఉంది.

పర్మిషన్ అక్కర్లేదు. పగటిపూట గేట్లు తీసే ఉంటాయి, ఎవరైనా వెళ్లొచ్చు. సమాధి వెతకడానికి ముందే ఫోన్ చేసి ఇంటిపేరు, పోయిన సంవత్సరం చెబితే ఆఫీసులో రికార్డు చూసి ఏ సెక్షనో చెప్తారు. ఫైండ్ ఎ గ్రేవ్ అని ఒక సైటు కూడా ఉంది, అందులో పేరు కొట్టి చూడండి. ఇక్కడ ఐరిష్ వాళ్లు ఎక్కువ, అవే ఇంటిపేర్లు వరసగా వస్తుంటాయి, కాబట్టి పూర్తి పేరు పెట్టుకోండి. సెప్టెంబరు, అక్టోబరు మంచి టైము. డిసెంబరు దాటితే మంచు పడుతుంది, నేల మట్టంగా ఉన్న రాళ్లు అసలు కనపడవు.

ఇంకో సంగతి, 1962లో ఈయన బొమ్మతో 4 సెంట్ల స్టాంపు వేశారంట, పక్కన అణువు గుర్తు. మీ పోస్టు చదివాక వెతికితే దొరికింది. పాత స్టాంపుల వాళ్ల దగ్గర చాలా తక్కువ ధరకే ఉంది, మీకోసం ఒకటి తీసి పెడతాను. మీరు వచ్చే రోజు శనివారమైతే నేనే స్టేషన్‌కు వస్తా, మొహమాటపడకండి.

బొగ్గుబాయి బిడ్డ

సార్, మాది గోదావరిఖని. మా బాపు కోల్ ఫిల్లర్. అణు విద్యుత్తు, చట్టాలు నాకు పెద్దగా తెలియవు గానీ మీరు పేరు చెప్పగానే గుర్తొచ్చింది. యూనియన్ల చరిత్ర చదివేటప్పుడు నేను ఈయన పేరు చూశాను, అది అణుబాంబుకు చాలా ముందు సంగతి.

అమెరికాలో కెంటకీ రాష్ట్రంలో హార్లన్ కౌంటీ అని బొగ్గు గనుల ప్రాంతం. 1930లలో అక్కడ యూనియన్ పెడదామన్నవాళ్లను కంపెనీల డబ్బుతో నడిచే డిప్యూటీలు, అంటే అక్కడి పోలీసోళ్లు, తుపాకులతో తిరిగి కొట్టారు, కాల్చారు. నడిరోడ్డు మీద, ఇళ్ల మీద. 1935లో కార్మికులకు యూనియన్ పెట్టుకునే హక్కు చట్టం వచ్చాక కూడా అక్కడ అది కాగితం మీదే ఉంది. మెక్‌మాన్ అప్పుడు ఫెడరల్ న్యాయశాఖలో క్రిమినల్ విభాగానికి పెద్ద. 1938లో ఆ కంపెనీలను, ఓనర్లను, డిప్యూటీలను అందరినీ కలిపి కార్మికుల హక్కును కాలరాయడానికి కుట్ర చేశారని కోర్టుకు లాగాడు, తనే పోయి వాదించాడు. జ్యూరీ ఒక్క మాట మీదికి రాలేదు, శిక్షలు పడలేదు. కానీ గని ఓనర్‌ను బోనులో నిలబెట్టడం అనేది బొగ్గుబాయి ఇంట్లో పుట్టినవాడికే తెలుస్తుంది ఎంత పెద్ద విషయమో. మా బాపు టైములో మేనేజర్ ముందు కూర్చుని మాట్లాడటమే పెద్ద సంగతి.

మీరు పోయినప్పుడు మా తరఫున కూడా ఒక దండం పెట్టండి సార్.

ప్రశ్నించే గొంతు

సార్, మీ మీద గౌరవంతోనే రాస్తున్నా, బాధపడొద్దు. అందరూ మంచే చెబుతున్నారు కాబట్టి రెండో వైపు నేను చెబుతా.

ఈ మెక్‌మానే 1949లో రష్యా బాంబు పేల్చాక హైడ్రోజన్ బాంబు చేసి తీరాలని ట్రూమన్ వెంటపడ్డవాళ్లలో ముందున్నాడు. అప్పటికి కాంగ్రెస్‌లో అణుశక్తి సంయుక్త కమిటీకి ఆయనే చైర్మన్. మొదటి బాంబు చేసిన సైంటిస్టుల పెద్ద ఓపెన్‌హైమర్ నడిపించిన సలహా కమిటీ ఆ బాంబు వద్దని అక్టోబరులో చెప్పింది. సైన్యం చేతుల్లోంచి తీసుకుని పౌరుల చేతుల్లో పెడితే అది శాంతి అయిపోతుందా? సూటూ బూటూ వేసుకున్నవాళ్లే ఇంకా పెద్ద బాంబు కావాలన్నారు కదా. 1950 జనవరి 31న ట్రూమన్ సరేనన్నాడు, 1952 నవంబరు 1న పేల్చారు. మెక్‌మాన్ అప్పటికి మూడు నెలల కిందటే క్యాన్సర్‌తో పోయాడు, చూడలేదు. చూసి ఉంటే సంతోషపడేవాడేమో.

ఇంకోటి, రహస్యం. ఆ చట్టంలోనే అణు సమాచారం పుట్టుకతోనే రహస్యం అనే పద్ధతి వచ్చింది. అంటే ఎవరో స్టాంపు కొట్టి రహస్యం చేయాల్సిన పని లేదు, ఇక దాచాల్సిన పని లేదని విడుదల చేసేదాకా అంతా రహస్యమే. గూఢచర్యానికి మరణశిక్ష దాకా రాశారు. అణుశక్తి ఎక్కడున్నా జనానికి చెప్పకుండా చేయడం అనే జబ్బు అక్కడి నుంచే మొదలైందని నేను అనుకుంటా. మన నల్లమలలో యురేనియం సంగతి చూడండి, చెంచుల ఊళ్ల కింద ఏం తవ్వుతారో వాళ్లకే చివరికి తెలిసింది. జనం రోడ్డెక్కితేనే 2019 సెప్టెంబరులో అసెంబ్లీ వద్దని తీర్మానం చేసింది. నేనైతే ఆ 2 నెలల్లో ఒక్క రోజు దొరికితే హిరోషిమా వాళ్ల కోసం దీపం పెట్టే చోటు ఎక్కడుందో వెతుక్కుని పోతా.

హన్మకొండ సివిక్స్ సార్

తమ్ముడూ, బాధ ఎందుకు, మీరు రాసింది అంతా నిజమే. నాకూ అది ఏళ్లుగా మింగుడు పడని విషయం. కానీ ఒకటి చూడండి. హైడ్రోజన్ బాంబుకు ట్రూమన్ సరేనన్న రెండో రోజే, 1950 ఫిబ్రవరి 2న, ఇదే మనిషి సెనేట్‌లో లేచి 5,000 కోట్ల డాలర్లు ప్రపంచమంతా అభివృద్ధికి ఖర్చు పెడదాం, దేశాలు ఆయుధాల మీద పెట్టే డబ్బు అటు మళ్లిద్దాం, అణుశక్తి మీద అందరికీ కలిసి అదుపు ఉండాలి అని అడిగాడు. రష్యాను కూడా కలుపుకునే. ఎవరూ వినలేదు. బాంబు చేయమన్నదీ ఆయనే, ఇదీ ఆయనే. భయం ఒక చేత్తో, ఆశ ఒక చేత్తో పట్టుకున్న మనిషిలా కనపడతాడు నాకు. 42 ఏళ్ల వయసులో ఆ భారం మీద పడితే మనలో ఎవరైనా ఏం చేసేవాళ్లమో నేను చెప్పలేను.

రహస్యం మాట కూడా ఒప్పుకుంటా. మొదటి బిల్లులో అంత లేదు, సైంటిస్టులు సంతోషపడింది దాన్ని చూసే. 1946 ఫిబ్రవరిలో కెనడాలో సోవియట్ గూఢచారుల గొడవ బయటపడింది, దాంతో సెనేటర్లు బిగుసుకుపోయారు, నిబంధనలు గట్టిపడ్డాయి. ఎంతంటే యుద్ధంలో కలిసి పని చేసిన బ్రిటన్‌కు కూడా తలుపు మూసేశారు. బాంబు పని కలిసి చేద్దామని 1943లో రూజ్‌వెల్ట్, చర్చిల్ క్యూబెక్‌లో రాసుకున్న ఒప్పందం ఒకటి ఉంది, కానీ చట్టం చేసేటప్పుడు అది మెక్‌మాన్‌కు తెలియనే తెలియదు. తెలిసి ఉంటే ఆ చట్టమే ఉండేది కాదని తర్వాత చర్చిల్ దగ్గర ఆయన అన్నాడని చెబుతారు. చూడండి, రహస్యాన్ని చట్టం చేసినాయనకే ఒక రహస్యం దాచిపెట్టారు. బ్రిటన్ తన బాంబు తనే చేసుకుని 1952 అక్టోబరులో పేల్చింది.

నేను దేవుడి గుడికి పోతున్నట్టు పోవడం లేదు తమ్ముడూ. క్లాసులో 30 ఏళ్లు చట్టం, చట్టం అని చెప్పాను, చట్టం వెనక ఒక మనిషి ఉంటాడు, ఆయన సగం సరిగా చేస్తాడు, సగం తప్పు చేస్తాడు, చచ్చిపోతాడు, చట్టం మాత్రం పరకాల పిల్లవాడి నోటిదాకా వస్తుంది. ఆ మనిషి దగ్గర ఒక్క పది నిమిషాలు నిలబడాలని ఉంది, అంతే.

కోర్టు మెట్లు

సివిక్స్ సార్, నేను అడ్వకేట్‌ని, హైదరాబాద్‌లో ప్రాక్టీసు, సొంతూరు మహబూబాబాద్ దగ్గర. మన దగ్గరి సంగతి ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నా, ఎందుకంటే మీ మెక్‌మాన్ మన పార్లమెంటులోకి కూడా వచ్చాడు.

1948 ఏప్రిల్‌లో, ఇంకా రాజ్యాంగం కూడా రాలేదు, నెహ్రూ రాజ్యాంగ సభలో అణుశక్తి బిల్లు పెట్టారు. చర్చ చిన్నదే. మైసూరు నుంచి వచ్చిన ఒక సభ్యుడు మాత్రం బ్రిటన్ చట్టాన్నీ, అమెరికా చట్టాన్నీ, అంటే మెక్‌మాన్ చట్టాన్నే, పక్కన పెట్టుకుని వచ్చి మన బిల్లులో వాటిని మించిన రహస్యం ఉందని, బ్రిటన్‌లో రక్షణ పనులకు మాత్రమే రహస్యం పెట్టుకుంటే మనం మొత్తానికి ఎందుకు పెట్టాలని నిలదీశాడు. శాంతి పనులేవి, యుద్ధం పనులేవి అని విడదీయడం తనకు కష్టంగానే ఉందని నెహ్రూ ఒప్పుకున్నారు. బిల్లు పాసైంది. ఆ ఏడాది ఆగస్టులో మన అణుశక్తి కమిషన్ పుట్టింది. 1962లో కొత్త చట్టం వచ్చింది, అందులో 18వ సెక్షన్ సమాచారం బయటపెట్టడం మీద ఆంక్షలే. అమెరికాలో ఆయన స్టాంపు వేసిన ఏడాదే ఇక్కడ ఈ చట్టం, కాకతాళీయమే అనుకోండి.

ప్రశ్నించే గొంతు గారు అన్నదానికి నేను ఒకటి కలుపుతాను. రహస్యం కంటే ఇంకా లోతైన లోపం ఒకటి ఉంది. మెక్‌మాన్ పెట్టిన కమిషన్‌ది రెండు పనులు, అణుశక్తిని పెంచడం, అది సురక్షితంగా ఉందో లేదో చూడటం. ఆటాడేదీ అదే, విజిల్ ఊదేదీ అదే. అమెరికా వాళ్లకు ఇది తప్పని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది, 1974లో చట్టం చేసి 1975 జనవరి నుంచి భద్రత చూసేవాళ్లను వేరే చేశారు. మన దగ్గర అణుశక్తి నియంత్రణ మండలి 1983లో వచ్చింది, అది కూడా ప్రభుత్వ ఉత్తర్వుతో, జవాబు చెప్పేది అణుశక్తి కమిషన్‌కే. 2010లో నష్టపరిహారం చట్టం వచ్చింది. ప్రమాదం జరిగితే ప్లాంటు నడిపేవాళ్లు ఇచ్చేది 1,500 కోట్ల దాకా అని పరిమితి పెట్టి, పనికిరాని సామాను ఇచ్చిన సప్లయర్ మీద కూడా పోవచ్చని 17వ సెక్షన్‌లో రాశారు. భోపాల్ తీర్పు అదే ఏడాది జూన్‌లో వచ్చింది, దేశమంతా రగిలిపోయి ఉంది, అందుకే ఆ మాట చేరింది. తర్వాత 2025 డిసెంబరులో పార్లమెంటు కొత్త చట్టం తెచ్చి 1962, 2010 రెండు చట్టాలనూ పక్కన పెట్టింది, ప్రైవేటు కంపెనీలకు దారి తీసింది, నియంత్రణ మండలికి అప్పటిగ్గానీ చట్టంలో చోటు దొరకలేదు. ఎంత ఆలస్యమో చూడండి.

నేను అణు విద్యుత్తుకు వ్యతిరేకిని కాదు. రామగుండం బూడిద పక్కన బతికే జనం మీద ఎంత భారం ఉందో తెలుసు, మణుగూరు దగ్గర అశ్వాపురంలో అణు రియాక్టర్లకు వాడే భారజలం మనమే తయారు చేస్తున్నాం, అందులో మనవాళ్లే పని చేస్తున్నారు. కానీ కాపలా కాసేవాడు వేరే ఉండాలి. సార్, మీరు అక్కడ నిలబడ్డప్పుడు ఈ ఒక్కటి కూడా గుర్తు పెట్టుకోండి.

కరీంనగర్ రాజు

మెక్‌మాన్ అంటే మెక్‌మోహన్ రేఖ గీసినాయన కాదా? అరుణాచల్ సరిహద్దు?

హన్మకొండ సివిక్స్ సార్

కాదు రాజు గారూ, ఆయన హెన్రీ మెక్‌మోహన్, బ్రిటిష్ ఇండియా అధికారి, 1914 సిమ్లా సంగతి. ఇంగ్లిషులో ఇద్దరి ఇంటిపేరు స్పెల్లింగు ఒకటే కాబట్టి అందరూ అదే అనుకుంటారు. నేనూ మొదట అలాగే అనుకున్నాను.

ఫాతిమానగర్ అక్క

సార్ నమస్తే, మీరు కాజీపేట అవతలే ఉండి ఇంత దూరం అడుగుతున్నారు! మాది ఫాతిమానగర్, మేము క్యాథలిక్కులం. సమాధి దగ్గర ఏం చేయాలో నేను చెబుతా.

మాకు నవంబరు 2న సమాధుల పండుగ. దానికి వారం ముందు నుంచే గడ్డి పీకి, కడిగి, సున్నం వేసుకుంటాం. ఆ రోజు బంతిపూలు, కొవ్వొత్తులు, సాయంత్రం ఫాదర్ వచ్చి పవిత్ర జలం చల్లి ప్రార్థన చేస్తారు. మా అమ్మమ్మ చనిపోయి ఇరవై ఏళ్లు దాటింది, ఇప్పటికీ ఆమె సమాధి దగ్గర కూర్చుని ఇంటి సంగతులు అన్నీ చెబుతాం. మా ఇంటి పక్క హిందువులు కూడా వచ్చి కొవ్వొత్తి పెట్టి పోతారు, ఎవరూ ఏమీ అనుకోరు. మీరు పూలు పెట్టి, ఒక్క నిమిషం మౌనంగా ఉండి, మీకు తెలిసిన పద్ధతిలో దండం పెడితే చాలు. దండం పెట్టడం ఏ దేవుడికీ తప్పు కాదు.

కొన్ని మాత్రం చూసుకోండి. కొబ్బరికాయ కొట్టొద్దు. కుంకుమ, పసుపు రాయి మీద వేయొద్దు, మరకలు పోవు, ఆయనవాళ్లు ఎవరైనా వస్తే నొచ్చుకుంటారు. అగరొత్తి, కొవ్వొత్తి వెలిగించాలంటే ముందు ఆఫీసులో అడగండి, అక్కడ ఎండు ఆకులు రాలే కాలం, మంట వద్దంటారేమో. సమాధుల మీద కాలు పెట్టకుండా పక్కనుంచి నడవండి. పక్కన ఎవరైనా ఏడుస్తూ ఉంటే ఫోటోలు తీయకండి. ఆయన చిన్న వయసులోనే పోయారని రాశారు, 48 ఏళ్లంటే చాలా చిన్న వయసు. నేను రేపు పొద్దున పూజలో ఆయన పేరు చెప్పి ప్రార్థిస్తాను.

వంగర దారిలో

సార్, మీరు వెళ్లేముందు ఒకసారి వంగర వచ్చి పోండి. మీకు హన్మకొండ నుంచి ఎంత దూరం! పి.వి. గారు పుట్టింది నర్సంపేట దిక్కు లక్నేపల్లి, పెరిగింది మా వంగర. ప్రధానిగా ఉన్న ఐదేళ్లూ అణుశక్తి శాఖ ఆయన చేతిలోనే ఉంది, 1995లో అణు పరీక్షకు అంతా సిద్ధం చేయించి అమెరికా వాళ్లకు తెలిసిపోయాక ఆగారు. ఆ విషయం మన ఊళ్లో ఎంతమందికి తెలుసు? నార్వాక్ పిల్లలకు వాళ్ల స్కూలు పేరు ఎవరిదో తెలియనట్టే ఇక్కడా. మీలాంటివాళ్లు వచ్చి మా బడి పిల్లలకు ఒక గంట చెబితే బాగుంటుంది, నేను హెడ్మాస్టర్ గారితో మాట్లాడతాను.

హన్మకొండ సివిక్స్ సార్

అందరికీ చెప్పాలి, వెళ్లొచ్చాం. అక్టోబరు మొదట్లో ఒక శనివారం. ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి, బిడ్డ ఇంట్లో తెలుగు కీబోర్డు లేక ఇంటికొచ్చాక రాస్తున్నా.

బిడ్డకు సెలవే, అయినా రైల్లోనే పోదామన్నాను. మనోడు అన్నమాట ప్రకారం సౌత్ నార్వాక్ స్టేషన్ బయట నిలబడి ఉన్నాడు, చేతిలో ఆ స్టాంపు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని. ముందుగా స్కూలు బోర్డు చూపించాడు, తర్వాత శ్మశానం. సెక్షన్ నంబరు ముందే ఫోన్ చేసి కనుక్కున్నాడు, అయినా మేము నలుగురం నాలుగు వరసలు పంచుకుని వెతికాం. ఇంటిపేర్లు నిజంగానే ఒకదాని వెనక ఒకటి అవే. మా ఆవిడకు ఇంగ్లిషు అంత రాదు, మెక్‌మాన్ స్పెల్లింగు చీటీ మీద రాయించుకుని అక్షరం అక్షరం పోల్చుకుంటూ పోయింది. పేరు మొదట చూసింది ఆమే.

బతుకమ్మ అప్పుడే అయింది. అక్కడ తంగేడు, గునుగు ఎక్కడివి, దుకాణంలో దొరికిన బంతిపూలు, చామంతులతోనే మావాళ్లు పేర్చారు. మిగిలిన బంతిపూలు మా ఆవిడ తడిగుడ్డలో చుట్టి తెచ్చింది. అవే పెట్టాం. అగరొత్తి వెలిగించలేదు అక్కా, మీరు చెప్పినట్టే కింద అంతా ఎండుటాకులు. గోదావరిఖని తమ్ముడూ, మీ బాపు తరఫున వేరేగా దండం పెట్టాను. వకీలు గారు చెప్పింది, ప్రశ్నించే గొంతు తమ్ముడు చెప్పింది, రెండూ అక్కడ నిలబడి బిడ్డకు, అల్లుడికి చెప్పాను. బిడ్డ మధ్యలో ఆపి, "మరి ఆ 123 అడిగిన పిల్లవాడికి ఏం చెప్పినవ్ బాపూ" అంది. మర్నాడు క్లాసులో సెక్షన్ నంబరు అని ఒక్క ముక్కలో చెప్పి సిలబస్ లోకి పోయాను. ఈ మనిషి గురించి చెప్పలేదు. అప్పటికి నాకే పూర్తిగా తెలియదు, తెలిశాక వాళ్ల బ్యాచ్ వెళ్లిపోయింది. ఆ అబ్బాయి ఇది చదివితే, పరకాల బస్సులో వచ్చేవాడివి, వెనక నుంచి రెండో బెంచీ, ఒక్కసారి నాకు మెసేజ్ చేయి నాన్నా, జవాబు బాకీ ఉంది.

తిరిగొచ్చేటప్పుడు రైల్లో మా ఆవిడ చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. తర్వాత "పిల్లలున్నరా ఆయనకు" అని అడిగింది. ఒక కూతురు ఉందని చదివానన్నాను. "తండ్రి పోయినప్పుడు ఎంతదో" అంది. చిన్నపిల్లే అయి ఉంటుందన్నాను. ఆ మాటకు మా బిడ్డ వచ్చి నా పక్కన కూర్చుంది.

వంగర తమ్ముడూ, దసరా సెలవులు అయిపోయాయి కదా, వచ్చే వారం ఏ రోజైనా వస్తాను. హెడ్మాస్టర్ గారిని అడిగి చెప్పు. ఆ స్టాంపు కూడా తెస్తాను, పిల్లలు చూస్తారు.